డ్యూస్ తర్వాత రెండు పాయింట్లు

ఈమధ్య మోకాళ్ళు మొరాయించి అంపైర్ కుర్చీ ఎక్కడం మానేశాను. ఆ కుర్చీకి నిచ్చెనలా మెట్లుంటాయి. ఎక్కడం, దిగడం కష్టమైంది గానీ, పైన కూర్చున్నంతసేపు నాకు ఏ రోజూ కష్టమనిపించలేదు. విజయవాడలోనూ, చుట్టుపక్కల డెల్టా ఊళ్ళలోనూ జరిగే జిల్లా స్థాయి టెన్నిస్ పోటీలకు ఏళ్ళ తరబడి అంపైరుగా ఉన్నాను. ఆ అవకాశం ఇచ్చిన భగవంతుడికి, నన్ను భరించిన ఆటగాళ్ళకు ముందుగా నమస్కారం.

ఇప్పుడు కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఫోన్ చేసి, "ఆంటీ, ఏం చదవాలి?" అని అడుగుతుంటారు. రూల్స్ మీ ఫోన్లోనే ఉన్నాయమ్మా, చదువుకోండి. రూల్స్ చదివాక కూడా కుర్చీలో కూర్చుంటే తెలిసొచ్చేవి కొన్ని ఉంటాయి. అవే రాస్తున్నాను.

చింతపిక్కల స్కోరు

చిన్నప్పుడు నాకు ఆయాసం. నాలుగు రోజులు బడికి వెళితే పది రోజులు మంచం మీద ఉండేదాన్ని. చివరికి నాన్న బడి మాన్పించేశారు. అమ్మ తెలుగు, లెక్కలు చెప్పింది. మిగిలినవి నాన్న చెప్పారు. పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టాను. నాన్న ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. ఆఫీసు వెనక ఒక టెన్నిస్ కోర్టు ఉండేది. సాయంత్రాలు అక్కడ ఆడేవారు. నన్ను ఆ దుమ్ములోకి రానిచ్చేవారు కాదు. అందుకని ఆటను ఇంటికే తెచ్చారు. వరండాలో రెండు వరసలుగా చింతపిక్కలు పేర్చి మ్యాచ్ మొత్తం చెప్పేవారు.

ఒక పాయింట్ గెలిస్తే పదిహేను. రెండో పాయింట్‌కు ముప్పై. మూడోదానికి నలభై. నాలుగోది గెలిస్తే గేమ్. ఏమీ గెలవకపోతే సున్నా. దాన్ని లవ్ అంటారు.

"మూడోది నలభై ఐదు కావాలి కదా నాన్నా?"

"కావాలి. కాలేదు. నీకు పుణ్యముంటుంది, ముందుకు పోనీ."

ఇద్దరూ నలభై దగ్గర కలిస్తే దాన్ని నలభై–నలభై అనరు, డ్యూస్ అంటారు. అక్కడినుంచి గేమ్ కావాలంటే వరసగా రెండు పాయింట్లు గెలవాలి. మొదటిది గెలిచినవాళ్ళకు అడ్వాంటేజ్. రెండోదీ వాళ్ళే గెలిస్తే గేమ్ వాళ్ళది. అవతలివాళ్ళు గెలిస్తే మళ్ళీ డ్యూస్. అలా ఎన్నిసార్లయినా తిరగొచ్చు. ఆరు గేములు గెలిస్తే సెట్, కాకపోతే రెండు గేముల తేడా ఉండాలి. ఆరు–ఆరు అయితే టైబ్రేక్. అందులో పదిహేనులూ ముప్పైలూ ఉండవు, మామూలుగా ఒకటీ రెండూ అని లెక్కపెడతారు. ఏడు పాయింట్లు చేరాలి, అక్కడా రెండు తేడా ఉండాలి. మూడు సెట్లలో రెండు గెలిచినవాళ్ళది మ్యాచ్. ఎప్పుడూ సర్వ్ చేసేవాళ్ళ స్కోరే ముందు చెప్పాలి.

ఇంతే. ఇది ఎవరైనా ఒక పూటలో నేర్చుకుంటారు. దీని వెనకున్న సంగతి మనసుకు పట్టడానికి చాలాకాలం పడుతుంది. ఒకరోజు నాన్న పిక్కలతో ఇలా చూపించారు: ఒకాయన మొదటి సెట్ ఆరు–సున్నా గెలిచాడు. తర్వాతి రెండు సెట్లూ ఆరు–ఏడుతో పోగొట్టుకున్నాడు. లెక్కపెట్టి చూస్తే ఓడినాయన దగ్గర పద్దెనిమిది గేములున్నాయి. గెలిచినాయన దగ్గర పద్నాలుగే.

"అన్యాయం కదూ?" అన్నాను.

"అన్యాయం కాదమ్మా, టెన్నిస్. ఇందులో కూడబెట్టుకోవడం ఉండదు. గేమ్ అయిపోతే ఆ పిక్కలన్నీ ఊడ్చేయాలి. కొత్త గేమ్ ఇద్దరికీ సున్నాతోనే."

క్రికెట్లో ముందే బోలెడు పరుగులు చేసేసి కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఫుట్‌బాల్లో రెండు గోల్స్ ముందుంటే గడియారం చూసుకుంటూ కాలం గడపొచ్చు. టెన్నిస్‌లో గడియారం లేదు. ఆఖరి పాయింట్ ఎవరో ఒకరు గెలవాల్సిందే. అంతవరకూ ఓడిపోతున్నవాళ్ళు ఓడిపోయినవాళ్ళు కారు. అంపైరు పనంతా ఈ ఒక్క వాక్యాన్ని కాపాడటమే అని నా నమ్మకం.

మామయ్యగారి స్కోరు

మా రెఫరీ విశ్వనాథం మాష్టారు. అంపైరు ఒక మ్యాచ్ చూసుకుంటే, రెఫరీ మొత్తం పోటీని నడుపుతారు. ఆయన రిటైరైన పీఈటీ. కోపిష్టి, కంగారు మనిషి, ఫ్లాస్కులో టీ ఎవరికీ పోసేవారు కాదు. కానీ నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆయన పెట్టిన భిక్షే.

మొదటి రౌండ్లలో ప్రతి కోర్టుకూ అంపైర్ ఉండరు. ఆడేవాళ్ళే స్కోరు చెప్పుకోవాలి. ప్రతి పాయింట్ ముందూ సర్వ్ చేసేవాళ్ళు అవతలికి వినపడేలా స్కోరు చెప్పాలి. మనవైపు ఇదే రాదు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ముందు గొంతెత్తి "ఫార్టీ–ఫిఫ్టీన్, నేనే ముందున్నా" అనడానికి మొహమాటపడతారు. స్కోరు పెద్దాయన చెబుతారు, మిగతావాళ్ళు తలూపుతారు.

వెటరన్స్ డబుల్స్‌లో ఒకసారి గొడవయింది. వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ చేసే సుబ్బారావు గారు ఒకవైపు, ఆయన జోడీ సొంత అల్లుడు. అవతల ఇద్దరు లాయర్లు. సుబ్బారావు గారు ఫార్టీ–థర్టీ అంటారు, లాయర్లు థర్టీ–ఫార్టీ అంటారు. మాష్టారు నన్ను పంపారు.

"మీరు చెప్పండి బాబూ," అని అల్లుడుగారిని అడిగాను.

"మామయ్యగారు ఎంతంటే అంతేనండీ."

"అది కాదండీ, మీ లెక్కెంత?"

"మా లెక్క కూడా మామయ్యగారేనండీ."

లాయర్లలో ఒకాయన పకపకా నవ్వి, "సాక్షి ఎదురు తిరగడు మేడమ్, వదిలేయండి!" అన్నారు.

ఇలాంటప్పుడు ఎవరు నిజం చెబుతున్నారని చూడకండి. ఎక్కడివరకు ఒప్పుకుంటున్నారో చూడండి. ఒక్కో పాయింట్ అడుగుతూ వెనక్కి వెళ్ళాను. నెట్‌కు తగిలింది ఎవరిది, లైన్ మీద పడింది ఎవరిది అని. నాలుగు పాయింట్లకు అందరూ సరేనన్నారు, రెండు వీళ్ళవి, రెండు వాళ్ళవి. తేడా మొదటి పాయింట్ దగ్గరే. ఒప్పుకున్నవి ఉంచి, ఒప్పుకోనిది తీసేయాలి. థర్టీ–థర్టీ నుంచి ఆడమన్నాను. సుబ్బారావు గారు గొణుక్కున్నారు గానీ ఆడారు. అల్లుడుగారు బంతి తీసుకోవడానికి నా పక్కకొచ్చినప్పుడు పెదవులు కదపకుండా, "బతికించారండీ," అన్నారు.

ఈ పద్ధతి రూల్స్‌లోదే. కానీ దాన్ని వాడేటప్పుడు గొంతులో 'మీరు అబద్ధాలకోరు' అన్న ధ్వని రాకూడదు. వచ్చిందా, ఇక ఆ రోజు మిమ్మల్ని ఎవరూ నమ్మరు.

కాఫీ, కారు, గొంతు

మన ఊళ్ళలో కాఫీ వద్దంటే అవమానం. పిల్లల తల్లిదండ్రులు ఫ్లాస్కుతో వస్తారు, "ఒక్క గుక్క మేడమ్" అంటారు. తీసుకోకండి. కంకిపాడు నుంచి తిరిగొస్తూ బస్సు కోసం ఎండలో నిలబడితే కారు ఆపి ఎక్కమంటారు. ఎక్కకండి. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, చాలామంది బంగారంలాంటి మనుషులు. కానీ రేపు వాళ్ళబ్బాయి బంతి లైన్ మీద పడిందా బయట పడిందా అన్నప్పుడు, ఆ ఏసీ చల్లదనం మీ కంటికి అడ్డొస్తుంది. నేను మజ్జిగ సీసా, తడి తువ్వాలు ఇంటినుంచే తెచ్చుకునేదాన్ని. అందరికీ ఒకే అబద్ధం చెప్పేదాన్ని: "ఈ పూట ఉపవాసమండీ." అమ్మవారు మన్నించాలి.

ఇప్పుడు ట్యాబ్ ఇస్తున్నారు. నొక్కితే స్కోరు దానంతటదే మారుతుంది. మంచిదే. కానీ ట్యాబ్ నోరు విప్పదు. స్కోరు అందరికీ వినపడాలి, ఎవరు గెలుస్తున్నా ఒకే గొంతుతో వినపడాలి. కుర్చీ ఎక్కేముందు నేను కళ్ళు మూసుకుని అమ్మవారిని ఒక్కటే అడిగేదాన్ని: ఇవాళ ఎవరు గెలవాలో నాకు అనిపించనివ్వకు తల్లీ అని. చాలాసార్లు ఆ తల్లి విన్నది. అన్నిసార్లూ వినలేదు.

షేక్‌హ్యాండ్

వినని రోజు గురించి చెబుతాను.

పదహారేళ్ళలోపు అమ్మాయిల ఫైనల్. గెలిచిన అమ్మాయి ఒక్కతే జిల్లా నుంచి రాష్ట్ర శిబిరానికి వెళుతుంది. ఒకవైపు హారిక, విజయవాడ అమ్మాయి. వాళ్ళ నాన్నగారికి వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల షాపు. ఆయనే తెల్లవారుజామున క్లబ్బుకు తీసుకెళ్ళి ఆట నేర్పారు. ఇంకోవైపు మౌనిక, కంకిపాడు నుంచి పిన్నితో బస్సులో వచ్చింది.

మ్యాచ్ ముందు హారిక నాన్నగారు మాష్టారితో మాట్లాడుతుంటే విన్నాను. "ఇవాళ గెలిస్తే ఇంటర్ ఇక్కడే చదివిస్తానండీ, ఆడుకుంటుంది. ఓడితే రెసిడెన్షియల్ కాలేజీలో వేసేస్తా. సీటు కూడా మాట్లాడేశా. ఇక బ్యాటు అటకెక్కడమే." హారిక పక్కనే కూర్చుని షూ లేసు కట్టుకుంటోంది. తలెత్తలేదు.

ఆ కాలేజీలు మీకు తెలుసు. తెల్లవారగానే స్టడీ అవర్, పడుకునేదాకా స్టడీ అవర్. ఆడుకోవడానికి అక్కడ మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన తప్ప చోటుండదు. ఆ అమ్మాయి గెలిస్తే బాగుండునని నాకు అనిపించింది. తప్పే, అయినా అనిపించింది.

ఇక్కడ మన క్లబ్బుల అలవాటు ఒకటి చెప్పాలి. కోర్టులు రెండు, సభ్యులు బోలెడుమంది. పొద్దున్నే అందరూ ఆడి, స్నానం చేసి, షాపులు తెరవాలి. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు "ఇంకెంతసేపయ్యా" అని గోల. అందుకని డ్యూస్ వస్తే రెండు పాయింట్లు ఆడరు. ఒక్కటే ఆడతారు, గెలిచినవాళ్ళది గేమ్. గోల్డెన్ పాయింట్ అంటారు దాన్ని. మా పోటీల్లో కూడా మొదటి రౌండ్లు త్వరగా తేలాలని అలాగే పెడతాం. ఫైనల్ మాత్రం పూర్తి లెక్కతో. టాస్ దగ్గర ఈ మాట చెప్పాను. అమ్మాయిలిద్దరూ తలూపారు. తలూపారంటే విన్నారని కాదు. మీరు మాత్రం వాళ్ళచేత తిరిగి చెప్పించండి.

చెరొక సెట్ గెలిచారు. మూడో సెట్‌లో హారిక ఐదు–నాలుగుతో ముందుంది, సర్వ్ తనదే. ఆ గేమ్ డ్యూస్ దాకా వచ్చింది. తర్వాతి పాయింట్‌కు హారిక లైన్ వెంట ఒక షాట్ కొట్టింది, మౌనిక కదిలేలోపే అది వెనక తెరకు తగిలింది. హారిక రాకెట్ గాల్లోకి విసిరి నెట్ దగ్గరికి పరిగెత్తింది. మౌనిక కూడా తల వంచుకుని వచ్చి చెయ్యి చాచింది. చేతులు కలుపుకున్నారు. హారిక నాన్నగారు అప్పటికే ఫోన్లో "గెలిచేసిందే!" అంటున్నారు. ఇద్దరమ్మాయిలూ నా కుర్చీ దగ్గరికి వచ్చి చేతులు చాచారు.

పుట్టినప్పటినుంచీ గోల్డెన్ పాయింట్‌తో పెరిగిన పిల్లలు. ఇంకెక్కడైనా ఒక్కరు పొరబడతారేమో గానీ, ఇద్దరూ కలిసి పొరబడటం మన దగ్గరే జరుగుతుంది.

నేను చెయ్యి చాచలేదు. "అడ్వాంటేజ్, హారిక," అన్నాను.

హారిక నాన్నగారు కోర్టు అంచుకొచ్చేశారు.

"ఏంటండీ ఇది? అమ్మాయి గెలిచింది కదా!"

"ఇంకో పాయింట్ ఉందండీ. ఇది ఫైనల్."

"ఓడిన పిల్లే ఒప్పుకుంది! మధ్యలో మీకేంటండీ బాధ?"

విశ్వనాథం మాష్టారు వచ్చారు. బహుమతులివ్వడానికి వచ్చిన పెద్దమనిషి అప్పటికే రెండుసార్లు వాచీ చూసుకున్నారట. "ఇద్దరూ చేతులు కలిపేశారుగా లక్ష్మీ, కానిచ్చేద్దామా?" అన్నారు మెల్లగా.

"ఆ అమ్మాయి మ్యాచ్ అయిపోయిందనుకుని చెయ్యి కలిపింది సార్. ఆడనని కలపలేదు."

మాష్టారు నన్ను కాదని మ్యాచ్ ముగించేసినా అక్కడ అడిగేవాళ్ళు లేరు. ఆయన మౌనిక వైపు తిరిగారు. "ఏమ్మా, ఆట వదిలేసుకుంటున్నావా?"

"లేదండీ," అంది మౌనిక. "అయిపోయిందేమో అనుకున్నానండీ."

"అయితే పోయి ఆడుకోండి. మీరు బయటికి రండి సార్, బయటికి!" అని హారిక నాన్నగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. ఆ ఒక్క ప్రశ్న సరిగ్గా అడిగినందుకు ఆ కోపిష్టి మనిషికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను.

గెలిచేశాననుకున్న పిల్ల మళ్ళీ సర్వ్ చేయాలి. మొదటి సర్వ్ నెట్‌కు తగిలింది. రెండోది కూడా తగిలింది, రెండూ తప్పితే పాయింట్ అవతలివాళ్ళదే. డ్యూస్. తర్వాతి రెండు పాయింట్లూ మౌనికవి. ఐదు–ఐదు. మౌనిక తన సర్వ్ నిలబెట్టుకుంది, ఆరు–ఐదు. ఇద్దరూ వైపులు మారే విరామం. హారిక నా కుర్చీ పక్కన బల్ల మీద తువ్వాలు తలమీద కప్పుకుని కూర్చుంది. లోపలినుంచి గొంతు వచ్చింది.

"ఆంటీ, నేను గెలిచాను కదా ఇందాక?"

ఈ పనిలో అన్నిటికంటే కష్టం ఇదే, రాసుకోండి. పైనుంచి చెయ్యి చాపితే ఆ పిల్ల తల అందుతుంది. చాపకూడదు. అవతలి బల్ల మీద ఇంకో పిల్ల కూర్చుని ఉంటుంది. విరామం అయిపోగానే "టైమ్" అన్నాను. నా గొంతు ఎప్పటిలాగే ఉందో లేదో నాకు తెలియదు. ఉందనే ఆశ.

హారిక లేచింది. మొహం తుడుచుకుని, సర్వ్ చేసి, ఆ గేమ్ గెలిచింది. ఎలా గెలిచిందో ఆ వయసు పిల్లల్ని అడిగితే చెప్పలేరు. ఆరు–ఆరు. టైబ్రేక్‌లో ఐదు–ఐదు దాకా వచ్చారు. తర్వాత మౌనిక ఒకటి గెలిచింది. ఆ తర్వాతి పాయింట్ చాలాసేపు సాగింది. చివరికి హారిక కొట్టిన బంతి లైన్ దాటి వేలెడు దూరంలో పడింది.

ఇద్దరిలో ఎవరూ నెట్ దగ్గరికి రాలేదు. ఉన్నచోటే నిలబడి, ఇద్దరూ నా వైపు చూశారు.

"గేమ్, సెట్ అండ్ మ్యాచ్, మౌనిక," అన్నాను. అప్పుడు కదిలారు.

మౌనిక శిబిరానికి వెళ్ళింది. హారిక నాన్నగారు అన్నంత పనీ చేశారు. జూన్‌లో ఆ అమ్మాయి హాస్టల్లో చేరింది. ఆ కుర్చీలో నేను అన్న ఒక్క మాటకు ఒక పిల్ల ఆట ఆగిపోయింది. ఈ సంగతి తేలిగ్గా చెప్పలేను, దాచనూలేను. మీరు ఈ పనిలోకి వస్తే మీకూ ఇలాంటి రోజు ఒకటి వస్తుంది. స్కోరు ఎంతో అంతే చెప్పండి. దాని బరువు ఇంటికి తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టుకోండి. కోర్టులో పెట్టకండి.

ఆ సాయంత్రం గేటు బయట ఆటో కోసం నిలబడ్డాను. హారిక నాన్నగారి స్కూటర్ నా ముందు ఆగింది. వెనక హారిక, ఒళ్ళో రాకెట్ల బ్యాగు.

"మీరు ఆ ఒక్క మాట అనకుండా ఉంటే మా అమ్మాయి గెలిచేదండీ," అన్నారాయన. గొంతులో కోపం కూడా అయిపోయింది.



"గెలవలేదు నాన్నా," అంది హారిక వెనకనుంచి. "షేక్‌హ్యాండ్ ఇచ్చానంతే."

ఆయన మెడ తిప్పి కూతురివైపు చూశారు. తర్వాత ఆ పిల్ల ఒళ్ళోంచి బ్యాగు తీసుకుని, తన కాళ్ళ దగ్గర జాగ్రత్తగా నిలబెట్టుకుని, బండి కదిలించారు.